సమతాస్థితి లేని మోడళ్లలో దశా పరివర్తన: సందిగ్ధ బిందువును పట్టుకోవడం ఎలా?

సమతాస్థితిలో ఉన్న వ్యవస్థ అయితే ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసు. శక్తికి సమీకరణం రాస్తాం, బోల్ట్జ్‌మన్ గుణకం (శక్తిని బట్టి ప్రతి స్థితికీ ఇచ్చే బరువు) తగిలిస్తాం, ఆ బరువులన్నీ కూడి పార్టిషన్ ఫంక్షన్ కడతాం. కష్టమంతా ఆ తర్వాతే. అంటువ్యాధి పాకే మోడల్‌కో, ఒకే దిక్కుకు నడిచే కణాల వరసకో ఆ మొదటి మెట్టే లేదు. శక్తి అంటూ రాయడానికి ఏమీ ఉండదు. ఏ సంఘటన ఎంత రేటుతో జరుగుతుందో చెప్పే నియమాలు మాత్రమే చేతిలో ఉంటాయి. అయినా వీటిలోనూ దశా పరివర్తనలు ఉన్నాయి, పరివర్తన దగ్గర రాశులు ఎంత వేగంగా మారతాయో చెప్పే సందిగ్ధ ఘాతాంకాలున్నాయి, వేర్వేరు మోడళ్లకు అవే ఘాతాంకాలు వచ్చే సార్వత్రికత ఉంది.

ఇలాంటి ఒక మోడల్‌ను మొదటి లెక్క నుంచి చివరి గ్రాఫ్ దాకా చేతులతో చేసి చూడాలనుకునేవారి కోసం ఈ మార్గదర్శి. కొద్దిగా ప్రోగ్రామింగ్, కొద్దిగా సంభావ్యత వస్తే చాలు. దారి పొడుగునా గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఈ పనిలో నూటికి తొంభై పాళ్లు శ్రమ సందిగ్ధ బిందువు (ఒక దశ ముగిసి ఇంకోటి మొదలయ్యే చోటు) దగ్గరే పెట్టాలి. అది సరిగ్గా దొరికితే ఘాతాంకాలు పెద్దగా బతిమాలించుకోకుండానే వస్తాయి. అది కాస్త పక్కకు పడితే ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టినా తప్పు ఘాతాంకమే వస్తుంది, పైగా చూడటానికి చక్కగా ఉంటుంది.

మొదటి అడుగు: మోడల్‌ను ఎంచుకోండి

కాంటాక్ట్ ప్రాసెస్‌తో మొదలుపెట్టండి. 1974లో టి. ఇ. హారిస్ ప్రవేశపెట్టిన మోడల్ ఇది. ఇంతకంటే తేలికైన నియమాలతో అసలైన సందిగ్ధ ప్రవర్తన చూపించే మోడల్ దొరకడం కష్టం.

వలయంగా పేర్చిన గడుల వరస ఒకటి ఊహించుకోండి. ప్రతి గడి నిండి ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. నిండిన గడిలోని కణం 1 రేటుతో చచ్చిపోతుంది. అదే కణం లాంబ్డా అనే రేటుతో పిల్లను పెట్టబోతుంది. అప్పుడు కుడి, ఎడమ గడుల్లో ఒకదాన్ని సమాన అవకాశంతో ఎంచుకుంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే అక్కడ కొత్త కణం పుడుతుంది, నిండి ఉంటే ఏమీ జరగదు. నియమాలు ఇంతే.

కొన్ని పుస్తకాల్లో లాంబ్డాను ఒక్కో పొరుగు గడికి విడిగా లెక్కిస్తారు. అప్పుడు సందిగ్ధ విలువ ఇక్కడ చెప్పేదానిలో సగం కనిపిస్తుంది. మీ ఫలితాన్ని ఇతరుల అంకెతో పోల్చేముందు ఈ తేడా చూసుకోవాలి.

కణాలన్నీ చచ్చిపోతే ఇక పుట్టించేవారు లేరు. ఆ ఖాళీ స్థితిలోకి దారి ఉంది, బయటికి లేదు. దీన్నే శోషక స్థితి అంటారు. సమతాస్థితికి తప్పనిసరైన డీటెయిల్డ్ బ్యాలెన్స్ నియమం ఇక్కడే కూలిపోతుంది. ఎందుకంటే ఏ మార్పు జరిగినా దాని తిరుగు మార్పుకీ ఎంతో కొంత రేటు ఉండాలని ఆ నియమం అడుగుతుంది. లాంబ్డా చిన్నదైతే వ్యవస్థ ఖాళీ అయిపోతుంది. పెద్దదైతే, గడులు అనంతంగా ఉన్నప్పుడు, చురుకుదనం ఎప్పటికీ నిలుస్తుంది. ఈ రెంటి మధ్య గీత ఎక్కడుంది, ఆ గీత దగ్గర సాంద్రత ఎలా తగ్గుతుంది అన్నవే మన ప్రశ్నలు.

రెండో అడుగు: కంప్యూటర్ ముట్టుకోకముందు కాగితం మీద అంచనా

ఈ అడుగును చాలామంది దాటేస్తారు. దాటకండి. పావుగంట లెక్కతో ఎక్కడ వెతకాలో తెలుస్తుంది, సగటు క్షేత్ర అంచనాను (పక్క గడుల మధ్య సంబంధాన్ని వదిలేసే లెక్కను) ఎందుకు నమ్మకూడదో కూడా తెలుస్తుంది.

నిండిన గడుల సాంద్రతను రో అందాం. పక్కపక్కనున్న రెండు గడుల్లో ఎడమది నిండి, కుడిది ఖాళీగా ఉండే సంభావ్యతను సరిహద్దు అందాం. కణాలు చచ్చే రేటు రో. కొత్తవి పుట్టే రేటు లాంబ్డా × సరిహద్దు (కుడివైపు సగం, ఎడమవైపు సగం కలిపి). వ్యవస్థ నిలకడకు వచ్చాక ఈ రెండూ సమానం: రో = లాంబ్డా × సరిహద్దు. ఇందులో ఉజ్జాయింపు ఏమీ లేదు, ఇది కచ్చితమైన సంబంధం.

ఇప్పుడు మొదటి ఉజ్జాయింపు. పక్క గడులకు ఒకదానితో ఒకటి సంబంధం లేదనుకుంటే సరిహద్దు = రో × (1 − రో). దాన్ని పై సంబంధంలో పెడితే రో = 1 − 1/లాంబ్డా. అంటే సందిగ్ధ విలువ 1. ఒక కణం తన జీవితకాలంలో సగటున ఒక పిల్లను పెడితే చాలని దీని అర్థం. కానీ పిల్ల పక్క గడిలోనే పుడుతుందని, తర్వాతి పిల్లకు ఆ చోటు అడ్డమవుతుందని ఈ లెక్కకు తెలియదు.

రెండో ఉజ్జాయింపులో జతలను పట్టించుకుందాం. రెండు గడులూ నిండిన జత రెట్టింపు రేటుతో చెడిపోతుంది, ఎందుకంటే ఇద్దరిలో ఎవరు చచ్చినా అది పోతుంది. కణాలు బాగా పలచగా ఉన్నప్పుడు అలాంటి జత కొత్తగా ఏర్పడే దారి ఒక్కటే: ఒక కణం పక్కనున్న ఖాళీలో పిల్లను పెట్టడం. దాని రేటు లాంబ్డా × సరిహద్దు, అంటే పై సంబంధం ప్రకారం రో. కాబట్టి నిండు జతల సంభావ్యత రోలో సగం. మిగతా సగం సరిహద్దు. మళ్లీ మొదటి సంబంధంలో పెట్టండి: రో = లాంబ్డా × రో/2. సందిగ్ధ విలువ 2 అయింది.

అసలు విలువ సుమారు 3.29785. సగటు క్షేత్రం 1 అంటే, జతల లెక్క 2 అంది, నిజం 3.3కు దగ్గర. ఒకే వరసలో కణాలు ఒకదానికొకటి ఎంతగా అడ్డుపడతాయో ఈ మూడు అంకెలే చెబుతున్నాయి. ఈ మోడల్‌కు కచ్చితమైన పరిష్కారం ఇంతవరకూ లేదు. సరిగ్గా సందిగ్ధ బిందువు దగ్గర కూడా కణాలు చివరికి అంతరించిపోతాయని, అంటే సాంద్రత గెంతు లేకుండా సున్నాకు చేరుతుందని 1990లో బెజుయిడెన్‌హౌట్, గ్రిమెట్ రుజువు చేశారు. ఘాతాంకాల విలువలు మాత్రం సంఖ్యాత్మకంగానే తెలుసు.

మూడో అడుగు: ప్రోగ్రామ్ రాయండి

గడులన్నిటినీ వరసగా చూస్తూ పోయే ప్రోగ్రామ్ రాయకండి. సందిగ్ధ బిందువు దగ్గర చాలా గడులు ఖాళీగానే ఉంటాయి, వాటిని చూడటం దండగ. నిండిన గడుల చిరునామాలను విడిగా ఒక జాబితాలో ఉంచండి. ఆపై ఇదే తిరిగి తిరిగి జరగాలి:

1. జాబితాలోంచి ఒక కణాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకోండి.
2. గడియారాన్ని 1/(కణాల సంఖ్య × (1 + లాంబ్డా)) మేర ముందుకు జరపండి.
3. 1/(1 + లాంబ్డా) సంభావ్యతతో ఆ కణాన్ని తీసేయండి. తీసేటప్పుడు జాబితా చివరి కణాన్ని ఆ ఖాళీలోకి తెచ్చిపెడితే పని ఒక్క క్షణంలో అవుతుంది.
4. లేకపోతే కుడి, ఎడమల్లో ఒక గడిని ఎంచుకోండి. ఖాళీగా ఉంటే నింపి జాబితాకు చేర్చండి, నిండి ఉంటే వదిలేయండి.

నాలుగో అంశంలో 'వదిలేయండి' అన్నప్పుడు కూడా గడియారం జరిగి తీరాలి. పుట్టుక విఫలమైందని కాలాన్ని లెక్కలోంచి తీసేస్తే మోడలే మారిపోతుంది. సందిగ్ధ బిందువు దగ్గర మూడో అంశంలోని సంభావ్యత సుమారు 0.2327 ఉంటుంది. అంటే నాలుగింట మూడు పైచిలుకు ప్రయత్నాలు పుట్టుకవే.

నాలుగో అడుగు: ప్రోగ్రామ్‌ను పరీక్ష పెట్టండి

సమాధానం ముందే తెలిసిన ప్రశ్నలు వేయడమే పరీక్ష. లాంబ్డా సున్నా పెట్టి నిండు జాలకంతో (అన్నీ నిండిన గడుల వరసతో) మొదలుపెడితే సాంద్రత మామూలు రేడియోధార్మిక క్షయంలా ఘాతీయంగా తగ్గాలి. ఒకే కణంతో మొదలుపెడితే కణాల సగటు సంఖ్య తొలి క్షణాల్లో 1 + (లాంబ్డా − 1) × కాలం గీతను అనుసరించాలి.

వీటికంటే గట్టి పరీక్ష మూడు గడుల వలయం. ఇక్కడ ప్రతి గడికీ మిగతా రెండూ పొరుగువే కాబట్టి కణాల సంఖ్య ఒక్కటి తెలిస్తే చాలు. ఒక కణం ఉంటే చావు రేటు 1, పుట్టుక రేటు లాంబ్డా. రెండుంటే చావు 2. పుట్టుక మాత్రం మళ్లీ లాంబ్డాయే, ఎందుకంటే రెండు కణాల్లో ప్రతిదానికీ ఒక పొరుగే ఖాళీ. మూడుంటే చావు 3, పుట్టుక లేదు. ఒక కణంతో మొదలుపెట్టి పూర్తిగా అంతరించడానికి పట్టే సగటు కాలాన్ని దీన్నుంచి చేత్తోనే తీయవచ్చు: 1 + లాంబ్డా/2 + లాంబ్డా వర్గం/6. లాంబ్డా 3 అయితే సరిగ్గా 4. రెండు కణాలతో మొదలుపెడితే 5, మూడింటితో అయితే 5.333.

మీ ప్రోగ్రామ్ పది లక్షల పరుగుల సగటులో 4.00 బదులు 4.3 ఇస్తే ఎక్కడో పురుగు ఉంది. గడియారం జరపడంలోనో, వలయం అంచు కలపడంలోనో వెతకండి. యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ కూడా ఆధునికమైనదే వాడండి. భాషతో పాటు వచ్చే పాత లీనియర్ కాంగ్రుయెన్షియల్ రకాలు పొడవైన సిమ్యులేషన్లకు పనికిరావు.

ఐదో అడుగు: ఒకే విత్తనం నుంచి వ్యాప్తి

ఇదే అసలు అడుగు, కాబట్టి తీరిగ్గా చూద్దాం.

సందిగ్ధ బిందువును వెతకడానికి సహజంగా తోచే పద్ధతి ఒకటుంది. రకరకాల లాంబ్డాల దగ్గర వ్యవస్థ నిలకడకు వచ్చేదాకా ఆగి, సాంద్రత కొలిచి, అది ఎక్కడ సున్నా అవుతుందో చూడటం. పనికిరాని పద్ధతి. సందిగ్ధ బిందువు దగ్గరపడేకొద్దీ నిలకడకు పట్టే కాలం విపరీతంగా పెరుగుతుంది. పరిమిత జాలకం ఎప్పటికైనా ఖాళీ అయిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఒకే వరసలో సాంద్రత ఘాతాంకం బీటా 0.2765 మాత్రమే. సందిగ్ధ బిందువుకు పది రెట్లు దగ్గరికి వెళ్లినా సాంద్రత దాదాపు సగానికే తగ్గుతుంది. గ్రాఫ్ చూస్తే సాంద్రత గోడ మీంచి దూకినట్టు కనిపిస్తుంది. దీన్ని చూసి మొదటి తరగతి (గెంతు) పరివర్తన అని రాసేసినా ఆశ్చర్యం లేదు.

గ్రాస్‌బెర్గర్, డి లా టొర్రె 1979లో చూపిన దారి పట్టండి. మధ్యలో ఒకే ఒక్క కణం ఉంచి వదలండి, ఇదే విత్తనం. చాలా పరుగుల మీద మూడు రాశులు కొలవండి: కాలం గడిచాక ఒక్క కణమైనా బతికి ఉన్న సంభావ్యత, కణాల సగటు సంఖ్య (అంతరించిన పరుగులను సున్నాగా కలిపే సగటు తీయాలి), విత్తనం నుంచి కణాల సగటు దూర వర్గం. సందిగ్ధ బిందువు దగ్గర మూడూ ఘాత నియమాలు పాటిస్తాయి. బతుకు సంభావ్యత కాలపు −0.1595 ఘాతంగా తగ్గుతుంది (డెల్టా), కణాల సంఖ్య 0.3137 ఘాతంగా పెరుగుతుంది (తీటా), దూర వర్గం 1.265 ఘాతంగా పెరుగుతుంది (2/జెడ్, ఇక్కడ జెడ్ 1.5807).

ఈ పద్ధతిలో గొప్ప సౌకర్యం, జాలకం అంచు అడ్డురాదు. కాలం 10,000 దగ్గర వ్యాప్తి వెడల్పు కొన్ని వందల గడుల స్థాయిలో ఉంటుంది. జాలకాన్ని దానికి సరిపడా పెద్దది చేస్తే అనంత జాలకం మీద కొలిచినట్టే. అదే కాలానికి బతికి ఉండే పరుగులు నాలుగింట ఒకటి స్థాయిలో ఉంటాయి, కాబట్టి గణాంకాలకూ కొరత ఉండదు.

కొలిచాక లాగ్-లాగ్ గ్రాఫ్ గీసి, స్కేలు పెట్టి వాలు తీయాలనిపిస్తుంది. అక్కడే ఆగండి. లాగ్-లాగ్ గ్రాఫ్‌లో దాదాపు ఏదైనా సరళరేఖలాగే కనిపిస్తుంది. దానికి బదులు స్థానిక వాలు గీయండి: కాలం దగ్గరి విలువను, ఆ కాలంలో ఐదో వంతు దగ్గరి విలువతో భాగించి, లాగరిథమ్ తీసి, లాగ్ 5తో భాగించండి. వచ్చినదాన్ని 1/కాలం అక్షం మీద పెట్టండి. ఎడమ అంచు అంటే అనంత కాలం. లాంబ్డా ఎక్కువైతే గీత ఎడమ అంచు దగ్గరికి వస్తూ పైకి వంగుతుంది, తక్కువైతే కిందికి వంగుతుంది. రెండు వైపులా వంగకుండా తిన్నగా అంచును తాకే గీతే మనకు కావలసింది. అది తాకిన చోటే ఘాతాంకం.

పని ఇలా సాగించండి. ముందు 3.25, 3.30, 3.35 దగ్గర కాలం 2,000 దాకా పరిగెత్తించండి. 3.25, 3.35 గీతలు స్పష్టంగా చెరో వైపు వంగుతాయి. తర్వాత 3.29, 3.30, 3.31. ఇక్కడ మరి కొంచెం ఓపిక పట్టాలి. తప్పుడు లాంబ్డా తన రంగు బయటపెట్టడానికి పట్టే కాలం, సందిగ్ధ బిందువు నుంచి దాని దూరపు −1.7338 ఘాతంగా పెరుగుతుంది. దూరం 0.05 అయితే ఆ కాలం 180 స్థాయిలో ఉంటుంది. 0.005 అయితే దాదాపు 10,000. 0.0005 అయితే 5 లక్షలు దాటుతుంది. ఒక్కో దశాంశ స్థానం సంపాదించడానికి కాలం దాదాపు 54 రెట్లు పెంచాలన్నమాట. ఎక్కడ ఆపాలో ముందే నిర్ణయించుకోండి. డెల్టాను రెండో అంకె దాకా తెలుసుకోవాలనుకునే మొదటి ప్రయత్నానికి మూడు దశాంశాల లాంబ్డా చాలు.

ఇక్కడే పొరపాట్ల పట్టీ (ఎర్రర్ బార్) గురించి కూడా ఒక మాట. ఒకే పరుగులోని కాలక్రమ బిందువులన్నీ ఒకదానిమీదొకటి ఆధారపడి ఉంటాయి. సరళరేఖ బిగించే సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు, అది చెప్పే పొరపాటు ఎప్పుడూ అసలుకంటే చిన్నదే. పరుగులను పది, ఇరవై స్వతంత్ర గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకు వాలు తీసి, ఆ వాలుల చెదురు చూడండి. దానికి సందిగ్ధ బిందువులోని అనిశ్చితిని కూడా కలపాలి: లాంబ్డాను మీ పొరపాటు మేర పైకీ కిందికీ జరిపితే ఘాతాంకం ఎంత కదులుతుందో చూడాలి. ఎక్కువసార్లు ఈ రెండోదే పెద్దదిగా తేలుతుంది.

ఆరో అడుగు: నిండు జాలకం, పరిమిత పరిమాణం

అన్ని గడులూ నింపి మొదలుపెడితే సందిగ్ధ బిందువు దగ్గర సాంద్రత కూడా కాలపు −0.1595 ఘాతంగానే తగ్గుతుంది. బతుకు సంభావ్యత, సాంద్రత ఒకే ఘాతాంకం పాటించడం యాదృచ్ఛికం కాదు. కాలాన్ని వెనక్కి నడిపిస్తే ఒకటి రెండోదిగా మారే సౌష్ఠవం ఈ మోడల్‌లో ఉంది. రెండు రకాల సిమ్యులేషన్ల నుంచి వచ్చిన డెల్టాలు కలవకపోతే సందిగ్ధ బిందువును మళ్లీ చూసుకోవాలి.

ఈసారి జాలకం పరిమాణం అడ్డొస్తుంది. సందిగ్ధ బిందువు దగ్గర వలయం ఖాళీ అయ్యే కాలం, గడుల సంఖ్యకు 1.58 ఘాతంగా పెరుగుతుంది. 1,000 గడులకు అది 55,000 స్థాయి, 10,000 గడులకు 20 లక్షల స్థాయి. ఘాత నియమం కొలవాలంటే కాలం వీటికి చాలా దిగువన ఉండాలి. సందిగ్ధ బిందువుకు దిగువన అయితే ఆ కాలం పరిమాణపు లాగరిథమ్‌గా, ఎగువన అయితే ఘాతీయంగా పెరుగుతుంది. 100, 200, 400, 800 గడులకు ఈ కాలాన్ని కొలిచి గీస్తే ఏ వైపు ఉన్నారో ఇంకో సాక్ష్యం దొరికినట్టే.

బతికి ఉన్న పరుగుల మీద మాత్రమే సగటు తీస్తే సాంద్రత ఒక తాత్కాలిక నిలకడకు వస్తుంది. ఆ నిలకడ సాంద్రత పరిమాణపు −0.252 ఘాతంగా తగ్గుతుంది. నిలకడ స్థితిలో సాంద్రత వర్గపు సగటును సగటు వర్గంతో భాగించి చూడండి. ఈ నిష్పత్తి సందిగ్ధ బిందువు దగ్గర పెద్ద పరిమాణాలకు 1.174 దగ్గర స్థిరపడుతుంది, వేర్వేరు పరిమాణాల గీతలు అక్కడ ఒకదాన్నొకటి దాటుకుంటాయి. విత్తన పద్ధతితో ఏమాత్రం సంబంధం లేకుండా వచ్చే అంచనా కాబట్టి దీని విలువ ఎక్కువ.

చివరగా, సందిగ్ధ బిందువు దగ్గర నిండు జాలకంతో వచ్చిన గీతలన్నిటినీ ఒకే గీతగా కుదించండి. నిలువు అక్షం మీద సాంద్రత × పరిమాణపు 0.252 ఘాతం, అడ్డ అక్షం మీద కాలం ÷ పరిమాణపు 1.58 ఘాతం. అన్ని పరిమాణాల గీతలూ ఒకదానిమీద ఒకటి పడాలి. చూడటానికి ఎంతో తృప్తిగా ఉంటుంది, అందుకే నేను దీన్ని ఆఖరున పెట్టాను. కంటికి 'బాగానే పడ్డాయి' అనిపించడానికి ఘాతాంకాలు ఐదు శాతం తప్పున్నా సరిపోతుంది. కుదింపుతో ఘాతాంకాలను సరిచూడండి, కనిపెట్టడానికి వాడకండి.

ఏడో అడుగు: ఘాతాంకాలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయా?

విడివిడిగా కొలిచిన అంకెల మధ్య కచ్చితమైన సంబంధాలున్నాయి. అన్నిటికంటే పనికొచ్చేది: తీటా = (డైమెన్షన్ల సంఖ్య ÷ జెడ్) − 2 × డెల్టా. ఇక్కడ డైమెన్షన్ ఒకటే. 1/1.5807 అంటే 0.6326, అందులోంచి 0.3189 తీస్తే 0.3137. సరిపోయింది. మీ మూడు కొలతలూ ఈ సంబంధాన్ని పొరపాటు పట్టీ లోపల తీర్చాలి.

ఎనిమిదో అడుగు: ఏ వర్గానికి చెందింది?

వచ్చిన అంకెలు డైరెక్టెడ్ పర్కొలేషన్ అనే సార్వత్రిక వర్గానివి. జాన్సెన్ 1981లో, గ్రాస్‌బెర్గర్ 1982లో చెప్పిన ఊహ ప్రకారం, శోషక స్థితి ఒక్కటే ఉండి, క్రమ పరామితి (ఏ దశలో ఉన్నామో చెప్పే రాశి, ఇక్కడ సాంద్రత) ఒకే అంశమున్న ధన రాశి అయి, చర్యలు దగ్గరి గడులకే పరిమితమై, అదనపు సౌష్ఠవం గానీ స్థిరమైన అక్రమత (గడి గడికీ శాశ్వతమైన తేడా) గానీ లేకపోతే, నిరంతర (గెంతు లేని) పరివర్తన ఏదైనా ఈ వర్గంలోకే వస్తుంది. కొత్త మోడల్ చేతికి వస్తే ఈ షరతులను ఒక్కొక్కటిగా అడగండి. సిమ్యులేషన్ మొదలుపెట్టకముందే సగం సమాధానం తెలుస్తుంది.

ఇంత విస్తారమైన వర్గానికి ప్రయోగశాలలో శుభ్రమైన ఉదాహరణ చాలాకాలం దొరకలేదు. 2007లో తకెయుచి, కురోదా, షతే, సానో ద్రవ స్ఫటికపు పలచటి పొర మీద ఏకాంతర వోల్టేజీ పెట్టి, రెండు రకాల అల్లకల్లోల స్థితుల మధ్య పరివర్తనలో రెండు డైమెన్షన్ల డైరెక్టెడ్ పర్కొలేషన్ ఘాతాంకాలను కొలిచారు. నునుపైన ప్రవాహం అల్లకల్లోలంగా మారడం కూడా ఇదే వర్గమని 1986లోనే పొమో సూచించాడు. ఒకసారి అల్లకల్లోలం చల్లారితే నునుపు ప్రవాహం తనంతట తాను దాన్ని పుట్టించదు కాబట్టి అక్కడ శోషక స్థితి అదే. ప్రవాహ ప్రయోగాల్లో దీనికి గట్టి ఆధారాలు 2016లో వచ్చాయి.

షరతులు తప్పితే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. కణాల సంఖ్య సరి, బేసి అన్నది ఎప్పటికీ మారకుండా ఉండే మోడల్ తీసుకోండి: నడిచే కణాలు జతలుగా నశిస్తూ, ఒక్కోటి రెండేసి పిల్లలను పెడుతుంది. ఒకే వరసలో దీని సాంద్రత క్షయ ఘాతాంకం 0.286 దగ్గర ఉంటుంది, 0.159 కాదు. తేడా పెద్దదే, కాబట్టి మామూలు సిమ్యులేషన్‌తోనే విడదీయవచ్చు.

అక్రమత ఇంకా చిక్కైనది. కొన్ని గడులకు లాంబ్డా శాశ్వతంగా తక్కువ, కొన్నిటికి ఎక్కువ పెట్టారనుకోండి. డైమెన్షన్ల సంఖ్యను స్థలపరమైన సహసంబంధ ఘాతాంకంతో (సందిగ్ధ బిందువు దగ్గరపడేకొద్దీ గడుల పరస్పర సంబంధం ఎంత దూరం పాకుతుందో చెప్పేదానితో) గుణిస్తే 2 కంటే తక్కువ వచ్చినప్పుడు అక్రమత ప్రవర్తనను మార్చేస్తుందని హారిస్ ప్రమాణం చెబుతుంది (ఈ హారిస్ వేరు, ఎ. బి. హారిస్). ఒకే వరసలో ఆ లబ్ధం 1.097. అందుకే సందిగ్ధ బిందువు దగ్గర కాలపు ఘాతాలకు బదులు కాలపు లాగరిథమ్ ఘాతాలు వస్తాయి. సందిగ్ధ బిందువుకు కొంచెం దిగువన ఒక మొత్తం పట్టీ పొడవునా, లాంబ్డాతో మారిపోయే వాలులున్న ఘాత నియమాలు కనిపిస్తాయి. మీ స్థానిక వాలులు ఒక్క లాంబ్డా దగ్గర కాక పక్కపక్క లాంబ్డాలన్నిటి దగ్గరా తిన్నగా ఉంటే, గడుల మధ్య ఏదో తేడా దాగి ఉందేమో చూడండి.

ఇక గెంతు పరివర్తనలు. లోహ ఉపరితలం మీద కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కలిసే చర్యకు 1986లో జిఫ్, గులారి, బర్షద్ ఇచ్చిన రెండు డైమెన్షన్ల మోడల్‌లో రెండు రకాలూ పక్కపక్కనే ఉన్నాయి. కార్బన్ మోనాక్సైడ్ వాటా 0.39 దగ్గర నిరంతర పరివర్తన, 0.525 దగ్గర గెంతు. రెండోదాన్ని గుర్తుపట్టే తీరు వేరు. వాటాను మెల్లగా పెంచి, మళ్లీ మెల్లగా తగ్గించి చూస్తే దారులు కలవవు. ఇలా వచ్చి పోవాలంటే కార్బన్ మోనాక్సైడ్‌కు ఉపరితలం వదిలిపోయే కొద్దిపాటి అవకాశం ఇవ్వాలి, లేకపోతే ఒకసారి నిండిన ఉపరితలం తిరిగి రాదు.

తొమ్మిదో అడుగు: శోషక స్థితి లేని మోడల్ మీద కూడా చేయి తిప్పండి

టాసెప్ అనే మోడల్‌ను 1968లో రైబోజోములు ఆర్‌ఎన్‌ఏ పోగు మీద కదిలే తీరును వివరించడానికి ప్రతిపాదించారు. వరసలో కణాలు 1 రేటుతో కుడికే కదులుతాయి, ముందు గడి నిండి ఉంటే ఆగుతాయి. ఎడమ చివర ఆల్ఫా రేటుతో కణం లోపలికి వస్తుంది, కుడి చివర బీటా రేటుతో బయటికి పోతుంది (ఈ బీటా పైన వచ్చిన సాంద్రత ఘాతాంకం కాదు). సమతాస్థితిలో అయితే, దగ్గరి చర్యలున్న ఒకే వరసలో సున్నా కాని ఉష్ణోగ్రత వద్ద దశా పరివర్తన ఉండదు. ఇక్కడ చివరల రేట్లే దశను నిర్ణయిస్తాయి, పైగా కచ్చితమైన పరిష్కారం 1993 నాటికే వచ్చేసింది.

ఆల్ఫా 1/2 కంటే, బీటా కంటే తక్కువైతే మధ్య సాంద్రత ఆల్ఫా, ప్రవాహం ఆల్ఫా × (1 − ఆల్ఫా). బీటా తక్కువైతే మధ్య సాంద్రత 1 − బీటా. రెండూ 1/2 దాటితే సాంద్రత 1/2, ప్రవాహం 1/4 దగ్గర ఆగిపోతుంది, ఇక చివరల్లో ఎంత తొందరపెట్టినా పెరగదు. ఆల్ఫా 0.3, బీటా 0.8 పెట్టి ప్రవాహం 0.21 వస్తుందో లేదో చూస్తే ప్రోగ్రామ్ సంగతి తేలిపోతుంది.

ఆల్ఫా, బీటా రెండూ 0.3 అయిన గీత మీద మాత్రం జాగ్రత్త. అక్కడ కాల సగటు సాంద్రత ఎడమ నుంచి కుడికి 0.3 నుంచి 0.7 దాకా తిన్నని వాలుగా కనిపిస్తుంది. నిజానికి ఏ క్షణంలో చూసినా పలచటి భాగం ఒకటి, దట్టమైన భాగం ఒకటి, వాటి మధ్య పదునైన సరిహద్దు ఉంటాయి. ఆ సరిహద్దు వరస పొడవునా అటూ ఇటూ తిరుగుతూ ఉండటం వల్ల సగటులో వాలు పుడుతుంది. ఇలాంటి చోట సగటుతో సరిపెట్టకుండా, మధ్యలోని వంద గడుల సాంద్రతకు హిస్టోగ్రామ్ గీయండి. వరస ఆ వంద గడులకంటే చాలా పొడవుగా ఉంటే 0.3 దగ్గర ఒకటి, 0.7 దగ్గర ఒకటి రెండు శిఖరాలు విడిగా వస్తాయి, 0.5 దగ్గర దాదాపు ఏమీ ఉండదు.